ఏడో స్తంభం దగ్గర ఖాళీ గళ్ళు

గ్రాఫు మీద గీత పైకి వెళ్తోంది. పురుగుల మేడం చూపుడు వేలితో దాని వెంటే కింద నుంచి పైదాకా వెళ్ళి, చివర్న లాప్‌టాప్ తెరని చిన్నగా తట్టింది.

“చూశారా మావయ్యగారూ. మీరు లెక్క మొదలెట్టిన ఏడాది, వెళ్ళిన రోజుకి సగటున పది ఎర్రచుక్కలు కనబడ్డాయి. పోయినేడాది పద్నాలుగు. కొండమీద పురుగేదైనా పెరుగుతోందంటే ఎవరూ నమ్మట్లేదీమధ్య. మీ ఏడో స్తంభం నా పరువు నిలబెట్టింది.”

రోప్‌వే పై స్టేషన్లో, మోటారు గది పక్కన ఉన్న టీ గది అది. గ్రీజు మావయ్య నిలబడే చూస్తున్నాడు. మేడం రెండుసార్లు కూర్చోమంది. కూర్చునే విద్య అతనికి పుట్టుకతోనే అబ్బలేదు. ముప్పై ఏళ్ళుగా స్తంభాలెక్కి తాడు చక్రాలకి గ్రీజు పెడుతున్న మనిషి. కాళ్ళు ఊరికే నేలమీద ఉంటే ఏదో పని మర్చిపోయినట్టు ఉంటుంది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. కింద టిక్కెట్లు చింపే పిల్ల దగ్గర్నుంచి పైన మోటారు నడిపే ముసలాయన దాకా అందరికీ అతను గ్రీజు మావయ్యే.

“బాగుందండీ,” అన్నాడు. అన్నాడే గానీ అన్నంలో రాయి తగిలినట్టయింది. పోయినేడాది తను చూసిందేమిటి? రోజుల తరబడి గడ్డి ఊగడం చూశాడు. పెరగడమెక్కడ?

“పోయినేడాది మీరు ఎక్కువసార్లు పోలేదు కదా,” మేడం కాగితాలు సర్దుతూ అంది. “మోకాళ్ళేమో అనుకున్నా. ఇరవై గళ్ళలో నాలుగే నింపారు. పర్లేదు లెండి. వెళ్ళని రోజు కూడా వెళ్ళినట్టు ఏదో అంకె పడేసే మహానుభావుల్ని చూశాను. మీరు వెళ్ళని రోజుల్ని ఖాళీగా వదిలేశారు. అదీ నిజాయితీ.”

మావయ్య చేతిలో టీ గ్లాసు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది.

వెళ్ళని రోజా? వెళ్ళని రోజంటూ ఏది?

నోరు తెరిచాడు. మేడం అప్పటికే తర్వాతి మాట మొదలెట్టింది. శుక్రవారం పదకొండింటికి అరుదైన జీవాల కమిటీ. ఈ గీత చూపిస్తే ఎర్రచుక్కని ‘గండం గడిచిన’ జాబితాలో వేసేస్తారు, ఫైలు మూసేస్తారు.

“మూసేస్తే ఏమవుద్దండీ?”

“ఏమవుతుంది, మంచిదేగా. ఆ వాలు మామూలు కొండైపోతుంది. మీ రోప్‌వే వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్న కొత్త స్తంభానికి అడ్డుండదు. నేను ఇంకో పురుగుని చూసుకుంటా.” నవ్వింది. “మీ మేనేజరు గారికి చెప్పండి, స్వీట్లు పంచమని.”

మావయ్య చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. గ్లాసు కడిగి బోర్లించాడు. కడిగిన గ్లాసే మళ్ళీ కడిగాడు. తర్వాత సంచీ భుజానేసుకుని డబ్బా ఎక్కాడు. రోప్‌వే వాళ్ళు కేబుల్ కారుని డబ్బా అంటారు.

డబ్బా ఏడో స్తంభం మీదుగా దిగుతుంటే కింద ఆ వాలు మొత్తం కనిపిస్తుంది. మూడొందల అడుగుల పొడవున, బండల మధ్య, నేలకి కరుచుకుని పెరిగే పొద ఒకటుంది. నేలపొద అంటారు దాన్ని. ఎర్రచుక్క గొంగళికి అదే తిండి, అదే ఇల్లు. ఎర్రచుక్క చిమ్మట జాతి. సీతాకోకకి పినతల్లి కూతురనుకోండి. చిమ్మటలన్నీ చీకట్లో తిరిగితే ఇది మాత్రం పట్టపగలు, ఎండ కాసినప్పుడే ఎగురుతుంది. మబ్బు పట్టిందా, గడ్డిపోచ పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. ఎగిరేది ఏడాదికి అయిదే వారాలు. దానికి ముందు మూడు చలికాలాలు గొంగళిగా మంచుకింద పడుంటుంది.

పదకొండేళ్ళ కిందట ఇదే మేడం, అప్పటికింకా చదువుకుంటున్న పిల్ల, డబ్బాలో అతని పక్కన కూర్చుని అడిగింది. మీరు ఎండాకాలంలో రోజూ ఏడో స్తంభం దగ్గరికి వెళ్తారట కదా, పని అయ్యాక ఆ వాలులో ఒక్క నడక నడిచి, ఎన్ని ఎర్రచుక్కలు కనబడ్డాయో ఈ గడిలో రాయగలరా? ముందు అయిదడుగులు, అటూ ఇటూ అయిదడుగులు, ఆ లోపల కనబడినవే. పక్కకి చూడకూడదు, వెనక్కి తిరక్కూడదు. ఎండ ఉండాలి. ఏడాదికి ఇరవై ఎండరోజులు, రోజుకో గడి.

అతను ఏడో క్లాసు దాటలేదు. అతన్ని ఒకరు రాయమని అడగడం అదే మొదలు. ఆవిడ ఇచ్చిన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నవాడు మళ్ళీ తియ్యలేదు. మూడేళ్ళకి పై స్టేషన్లో ఎర్రచుక్క బొమ్మతో ఒక రేకు బోర్డు పెట్టి, అడుగున ‘లెక్క: మా గ్రీజు మావయ్య’ అని రాశారు. ఎండకి ఎరుపు వెలిసింది గానీ మావయ్య అన్న మాట మాత్రం ఇంకా నల్లగానే ఉంది.

ఆ మొదటేడాదిలోనే ఒకరోజు వాలంతా నడిచినా ఒక్కటీ కనబడలేదు. గడిలో సున్నా పెట్టబోయాడు. చెయ్యి రాలేదు. వాళ్ళమ్మ పంచదార డబ్బా ఖాళీ అయితే అయిపోయిందని ఒక్కనాడూ అనలేదు. నిండుకుంది అనేది. లేదు అన్న మాట ఇంట్లోకి రాకూడదు, వస్తే చుట్టాన్ని వెంటబెట్టుకొస్తుందనేది. ఆ తల్లి కొడుకు, ఇంత పురుగు ముఖాన సున్నా ఎలా చుడతాడు? రేపొస్తాయిలే అనుకుని గడి ఖాళీగా వదిలేశాడు. ఖాళీ అంటే లేవని చూసినవాళ్ళకి తెలీదా అనుకున్నాడు.

తెలీదు. ఆ ఏడాది ఖాళీలు రెండే. తర్వాత ఏడాది మూడు. పోయినేడాది పదహారు.

ఇంటికొచ్చాక చెప్పుల స్టాండు దగ్గర్నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి చెప్పుల స్టాండు దాకా నడవడం మొదలెట్టాడు. భార్య కూరగాయలు తరుగుతూ కాసేపు చూసింది.

“ఏంటండీ, ఇంట్లో కూడా డబ్బా సర్వీసు పెట్టారా? దిగేవాళ్ళెవరూ లేరిక్కడ.”

చెప్పాడు. మొదలు చివర లేకుండా చెప్పాడు, రెండోసారి చెప్తే గానీ ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కత్తి పక్కన పెట్టింది.

“అంటే పదకొండేళ్ళు ఎండలో పడి వెళ్ళి చూసొచ్చి, చూశానని రాయలేదా?”

“ఉన్న రోజు రాశాగా.”

“లేని రోజో?”

“లేనిది ఏం రాస్తాను?”

“ఇల్లంతా ఊడ్చి చెత్త సోఫా కిందకి తోసినట్టుంది మీ పని,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “పురుగులు నిజంగా తగ్గాయా?” అని అడిగింది.

“మొదటేడాది వాలంతా నూటెనభై కనబడ్డాయి. పోయినేడాది యాభై ఆరు. ఆ నాలుగు రోజుల్లోనే కనబడ్డాయి. యాభై ఆరుని నాలుగుతో భాగించింది ఆవిడ. ఇరవైతో భాగించాలి. మూడు కూడా రాదు.” వేళ్ళమీద మళ్ళీ లెక్కేశాడు. “మేకలు రావడం మానేశాయి కదా ఆ వాలుకి. కాసేవాడు కింద పనికి పోయాడు. మేకలు మెయ్యకపోతే గడ్డి నడుందాకా పెరిగి నేలపొదని మింగేస్తోంది. నేను చూస్తూనే ఉన్నా. చూస్తూనే...”

అప్పుడే ఆవిడ తమ్ముడు భోజనానికొచ్చాడు. బావమరిదే రోప్‌వేకి మేనేజరు. పని దగ్గర మావయ్య అతన్ని ‘సార్’ అంటాడు, ఇంటికొస్తే ‘ఒరే’ అంటాడు. ఈ పద్ధతి పదేళ్ళుగా ఒక్కరోజు కూడా తారుమారు కాలేదు. అతను చెయ్యి కడుక్కుంటూనే మొదలెట్టాడు.

“బావా, విన్నావా? మేడం ఫోన్ చేసింది. శుక్రవారంతో ఫైలు క్లోజ్. ఏడో స్తంభం పక్కనే కొత్త స్తంభం పునాది. నాలుగేళ్ళుగా పైవాళ్ళ చేత తిట్లు తింటున్నా దానికోసం. నీ పురుగులు పిల్లాపాపల్తో చల్లగా ఉండాలి.”

“ఒరే, పురుగులు లేవురా.”

అక్క రెండోసారి వడ్డించేలోపు అతనికి కథంతా తెలిసింది. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

“సరే బావా. ఇప్పుడెళ్ళి, ఆ ఖాళీలన్నీ సున్నాలు, నమ్మండి అంటావ్. ఎవడు నమ్ముతాడు? వెళ్ళావని రుజువేది?”

“స్తంభం ఫోను పుస్తకం ఉందిగా.”

ఇది రోప్‌వే వాళ్ళకే తెలిసిన సంగతి. ప్రతి స్తంభం మొదట్లో ఒక ఫోను పెట్టె ఉంటుంది. ఎక్కే ముందు ‘ఎక్కుతున్నా’ అని పైకి చెప్పాలి. దిగాక ‘దిగాను’ అని చెప్పాలి. ఆ చోటు వదిలేటప్పుడు ‘బయల్దేరాను’ అని చెప్పాలి. మోటారు దగ్గరున్న ముసలాయన మూడు టైములూ పుస్తకంలో రాస్తాడు. మనిషి తాడు కింద ఉండగా మోటారు వేగం పెంచకూడదు కాబట్టి అది ప్రాణం లెక్క. ఎవరూ ఎగ్గొట్టరు.

బావమరిది ముఖం మాడింది. “ఆ పుస్తకంలో ఏముందో తెలుసా నీకు? దిగాను పదీ పదికి. బయల్దేరాను పదీ నలభైకి. పదకొండేళ్ళు, ప్రతి ఎండరోజూ, డ్యూటీలో అరగంట. ఆ అరగంట ఏం చేశాడయ్యా నీ గ్రీజు మనిషి అని నన్నడుగుతారు. మా బావగారు పురుగుల వెంట షికారు తిరిగాడండీ అని చెప్పనా? నీకు మూడేళ్ళే ఉంది సర్వీసు. నాకు పదిహేనుంది.”

“తిన్నాక పోట్లాడుకోండి,” అంది అక్క.

“పోట్లాట కాదక్కా. ఈయన్ని కాస్త కూర్చోబెట్టు. తిరిగి తిరిగి నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

గురువారం పొద్దున్నించీ కొండని మబ్బు కమ్మింది. ఎర్రచుక్కలు ఎగిరే అయిదు వారాల్లో ఇది రెండోది. మావయ్య రెండో స్తంభం చూశాడు, మూడోది చూశాడు. మూడోదాని మీద గ్రీజు డబ్బా మర్చిపోయి మళ్ళీ ఎక్కాడు. ముప్పై ఏళ్ళలో ఏనాడూ మర్చిపోలేదు. దిగి, తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాడు.

“సార్, పాత ఫోను పుస్తకాల బీరువా తాళం కావాలి.”

“కుదరదు.”

“సరే సార్. పుస్తకాలు లేకపోయినా రేపు కమిటీ దగ్గర నేను చెప్తాను. నా మాట ఒక్కటే ఉంటుంది కాబట్టి, ముసలాడికి మతిపోయిందంటారు. పురుగు పోద్ది, మీ స్తంభం లేస్తుంది, మీకే ఇబ్బందీ రాదు. పుస్తకాలుంటే నమ్ముతారు. అప్పుడు మీకూ నాకూ ఇద్దరికీ తిప్పలే. ఏది మేలో మీరే చూడండి.”

బావమరిది కిటికీలోంచి మబ్బుకేసి చూశాడు. టేబుల్ మీద పెన్ను నాలుగుసార్లు తిప్పాడు. ఇంట్లో అయితే ఈ పాటికి అరిచి ఉండేవాడు. ఇక్కడ సార్ కదా.

“ఇన్ని తెలివితేటలుండి,” అన్నాడు చివరికి, “ఒక్క సున్నా పెట్టలేకపోయావా బావా?”

ఆఫీసులో బావా అనడం అదే మొదటిసారి. డ్రాయరు లాగి తాళం టేబుల్ మీద పడేశాడు. “బీరువా తలుపు కాస్త పైకెత్తి లాగు. లేకపోతే రాదు.”

మావయ్య ఫోన్ చేస్తే మేడం మధ్యాహ్నం వచ్చింది. మావయ్య టీ గదిలో పదకొండు పుస్తకాలూ వరసగా పరిచి, పక్కన తన లెక్క కాగితాలు పెట్టి, చెప్పడం మొదలెట్టాడు. ఆవిడ వింటూ వింటూ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వాటిని తుడిచింది, మళ్ళీ తుడిచింది. తిట్టినా బాగుండేది.

“ఈ లెక్కల మీద రెండు వ్యాసాలు రాశానండీ నేను,” అంది మెల్లగా. “పైదేశాల వాళ్ళ ముందు నిలబడి చదివాను. కొండవాలు పురుగు ఎలా నిలదొక్కుకుందో చూడండి అని.”

“తప్పు నాదండీ.”

“మీ ఒక్కరిదే ఎలా అవుతుంది? ఏమీ కనబడకపోతే ఏం రాస్తారు అని పదకొండేళ్ళలో ఒక్కసారి నేను అడగాలా వద్దా?” కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. కాసేపటికి కుర్చీ దగ్గరికి లాక్కుంది. “కూర్చోండి. ఈసారి మాత్రం కూర్చోవాల్సిందే. తేదీ నేను చదువుతా. పుస్తకంలో ‘దిగాను’కి, ‘బయల్దేరాను’కి మధ్య అరగంట ఉంటే వెళ్ళినట్టు. అయిదు నిమిషాలే ఉంటే వెళ్ళనట్టు. వెళ్ళిన రోజు గడి ఖాళీగా ఉంటే, మీ చేత్తోనే వేరే రంగు పెన్నుతో సున్నా పెట్టి పక్కన సంతకం చెయ్యండి. పాత కాగితం మీద ఏదీ కొట్టెయ్యద్దు.”

మొదటి సున్నాకి చెయ్యి మళ్ళీ ఆగింది. పెన్ను గడి మీద పెట్టి ఎత్తాడు, పెట్టి ఎత్తాడు. మేడం తొందరపెట్టలేదు. బయట డబ్బా ఒకటి వచ్చి గుద్దుకుని ఆగింది, మనుషులు దిగారు, తలుపు పడింది. సున్నా పెట్టాడు. కోడిగుడ్డంత వచ్చింది. తర్వాతివి చిన్నవయ్యాయి. మోకాలు బల్లకింద ఆగకుండా ఆడుతూనే ఉంది, గ్లాసులు సన్నగా మోగుతూనే ఉన్నాయి. అయినా లేవలేదు. మూడు గంటలు, డెబ్బై ఎనిమిది సున్నాలు. రెండు తేదీల్లో మాత్రం అరగంట లేదు. ఆ రెండూ ఖాళీగానే వదిలేశారు. నిజంగా వెళ్ళని రోజులు అవి, వాళ్ళమ్మ పోయినప్పటివి.

మేడం లాప్‌టాప్‌లో అంకెలు కొట్టింది. గీత మళ్ళీ పుట్టింది. మొదట కాస్త తిన్నగా నడిచి, నాలుగో ఏడాది దగ్గర్నుంచి మెట్లు దిగినట్టు దిగింది. మేకలు మానేసింది మొదటేడాది చివర్లో. గొంగళికి మూడు చలికాలాలు. తను రోజూ కళ్ళారా చూసిందే అక్కడుంది. చూసింది చూసినట్టు ఉంటే ఇంత భయంగా ఉంటుందని మావయ్యకి తెలీదు.

శుక్రవారం కమిటీ గదిలో కాళ్ళకి చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఇచ్చారు. అది అతని పాలిట దేవుడైంది, కూర్చునే అటూ ఇటూ కదలొచ్చు. అధ్యక్షుడు కాగితాలన్నీ తిరగేశాడు.

“మీ లెక్క తప్పని మీరే చెప్తున్నారా?”

“లెక్క తప్పు కాదండీ. రాయడం తప్పు. ఉన్నవి ఉన్నాయని రాశాను. లేనివి లేవని రాయడానికి భయపడ్డాను.”

“రోజూ డ్యూటీ టైములో వెళ్ళేవారా?”

వెనక వరసలో బావమరిది దగ్గాడు. దగ్గు కాదది.

“వెళ్ళేవాణ్ణండీ. గ్రీజు మాత్రం ఒక్క చక్రానికీ తక్కువ పెట్టలేదు. మేనేజరు గారికి తెలీదు. ఈ పుస్తకాలు ఇచ్చింది మాత్రం ఆయనే.”

ఫైలు మూయలేదు. ‘గండం గడిచిన’ అన్న చోట గీత కొట్టి ‘తగ్గుతోంది’ అని రాశారు. వచ్చే ఆకురాలు కాలంలో అద్దె మేకల్ని పట్టుకొచ్చి ఆ వాలులో ఆరు వారాలు మేపాలని, నేలపొదకి అడ్డొచ్చే పెద్ద పొదల్ని చేత్తో కొట్టించాలని, స్తంభం సంగతి మూడేళ్ళ తర్వాత చూద్దామని తేలింది. మేకలు ఇవాళ మేసినా ఫలితం మూడు చలికాలాలు దాటితే గానీ తెలియదు. అప్పటికి మావయ్య రిటైరవుతాడు. సోమవారానికి అతని చేతికి ఒక మెమో వచ్చింది. డ్యూటీ వేళల్లో స్తంభం దగ్గర పది నిమిషాలకి మించి ఉండరాదు.

ఆ శుక్రవారం కమిటీ మెట్లు దిగుతూ బావమరిది పక్కకొచ్చాడు. “నా స్తంభం పోయింది. నీకు మెమో వస్తుంది. లెక్క సరిపోయింది. పద, అక్క భోజనానికి రమ్మంది. దారిలో ఏం మాట్లాడకు, నాకింకా కోపంగానే ఉంది.”

తర్వాతి ఆదివారం, సెలవు రోజున, మావయ్య ముప్పై ఏళ్ళలో మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని డబ్బా ఎక్కాడు. టిక్కెట్లు చింపే పిల్ల చింపేటప్పుడు ఒకసారి టిక్కెట్టుకేసి, ఒకసారి ముఖంకేసి చూసింది. పై నుంచి నడిచి ఏడో స్తంభం దగ్గరికి దిగేసరికి మబ్బు. రెండు గంటలు అటూ ఇటూ పచార్లు చేశాడు. నట్లు తట్టి చూశాడు, తన పని కాకపోయినా. పన్నెండింటికి మబ్బు చినిగి ఎండ పడింది.

నడిచాడు. ముందు అయిదడుగులు, అటూ ఇటూ అయిదడుగులు. మూడొందల అడుగులు పూర్తయ్యాయి. గడ్డి ఊగింది. ఈగలు ముసిరాయి. అంతే.

పెన్సిలు తీశాడు. సున్నా పెట్టాడు. ఈసారి చెయ్యి ఆగలేదు గానీ, పెట్టాక కాగితాన్ని జేబులో కుక్కుకోవడానికి రెండు ప్రయత్నాలు పట్టింది.

వెనక్కొచ్చి స్తంభం దగ్గర నిలబడితే, నిచ్చెన మూడో మెట్టు బోల్టు మీద వాలి ఉంది. నల్లటి రెక్కలు, వాటిమీద రక్తపు బొట్టుల్లా చుక్కలు. నడక అయిపోయింది, వెనక్కి తిరిగాక కనబడింది. మేడం మొదటి రోజు చెప్పిన మాట ప్రకారం అది లెక్కలోకి రాదు. చెయ్యి జేబులోకి వెళ్ళింది. కాగితం మడత తగిలింది. ఒకటి అని రాస్తే ఎవడు చూడొచ్చాడు?

ఫోను పెట్టె మోగింది. చెయ్యి మాత్రం చాచి, మెల్లగా ఎత్తాడు.

“బావా, పై నుంచి కనిపిస్తున్నావ్.” ఆదివారం కూడా వచ్చి కూర్చున్నాడు మేనేజరు. “ఎన్ని?”

“సున్నా.”

“ఒక్కటి కూడా లేదా?”

మావయ్య బోల్టుకేసి చూశాడు. అది రెక్కలు ఒకసారి విప్పి ముడిచింది.

“లెక్కలో లేదు.”

“అయితే ఇంకా అక్కడేం చేస్తున్నావ్?”

ఫోను చెవికే ఆనించి ఉంచాడు. అరికాలు దురద పెడుతోంది. మోకాలు లాగుతోంది. ఒక్క అడుగు అటు వేస్తే హాయిగా ఉంటుంది. వేస్తే అది ఎగిరిపోతుంది.